బ్యాంకు గదిలోంచి అధ్యక్ష భవనానికి

1962 ఆగస్టు 16న యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు న్యాయరీత్యా భారతదేశంలో కలిసింది. "అదేమిటి, యానాం 1954లోనే విముక్తమైంది కదా!" అని మన సభ్యుల్లో కాకినాడ, కోనసీమ వైపు వారు వెంటనే అడుగుతారు. నిజమే. 1954 జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో యానాం విముక్తి జరిగింది. నవంబరు 1న పరిపాలన మన ప్రభుత్వం చేతికి వచ్చింది. 1956 మే 28న ఢిల్లీలో ఒప్పందం మీద సంతకాలు కూడా అయ్యాయి. కాని ఆ కాగితం ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం కోసం ఆరేళ్లు పెండింగులో పడి ఉంది. అల్జీరియాలో యుద్ధం నడుస్తున్నంత కాలం, ఇంకొక భూభాగం వదులుకుంటున్నామని సభలో ఒప్పుకోవడానికి అక్కడి ప్రభుత్వాలు జంకాయి. 1962 జూలైలో అల్జీరియా స్వతంత్రమైంది. అదే నెలలో మన ఫైలూ కదిలింది.

ఆ ఒప్పందంలో మనలాంటి వారికి ఆసక్తి కలిగించే అంశం ఒకటుంది. ఫ్రాన్సు నుంచి వచ్చిన కేడరు వారు తప్ప, అక్కడి స్థానిక ఉద్యోగులందరినీ భారత ప్రభుత్వం తన సర్వీసులోకి తీసుకోవాలి. జీతం, సెలవు, పెన్షను విషయాల్లో వారి పాత షరతులకు భంగం రాకూడదు. దేశాలు మారినా సర్వీసు రిజిస్టరు మారలేదన్న మాట.

ఆ ఫైలు కదిలిన నాటికి ఫ్రాన్సు ప్రధానమంత్రి జార్జి పాంపిడూ. కొద్ది నెలల ముందు వరకూ ఆయన ఒక ప్రైవేటు బ్యాంకులో డైరెక్టర్ జనరల్. అప్పటికి ఆయన ఒక్క ఎన్నికలోనూ నిలబడలేదు, పార్లమెంటు మెట్లు సభ్యుడిగా ఎక్కలేదు. యానాం గురించి చదువుతుండగా ఈ సంగతి కంటబడింది. ఎవరీయన, బ్యాంకు కుర్చీలోంచి నేరుగా ప్రధాని కుర్చీలోకి ఎలా వచ్చారు అనే కుతూహలంతో, పదవీ విరమణ తర్వాత దొరికిన తీరికలో ఆయన మీద వచ్చిన పుస్తకాలు కొన్ని చదివాను. చదివే కొద్దీ నాకు ఆయనలో బ్యాంకరు కంటే, రాజకీయ నాయకుడి కంటే ఎక్కువగా కనిపించినవాడు వేరొకడు. పై అధికారి నమ్మిన మనిషి, ఫైళ్లు చూసే మనిషి, మన కార్యాలయాల్లో ప్రతిచోటా ఒకడు ఉండే మనిషి. అందుకే ఈ వ్యాసం.

పాంపిడూ 1911 జూలై 5న దక్షిణ మధ్య ఫ్రాన్సులో కాంతాల్ అనే కొండ జిల్లాలో మోంబుదీఫ్ అనే చిన్న పల్లెలో పుట్టారు. తల్లీ తండ్రీ ఇద్దరూ బడిపంతుళ్లు. తాతలు సేద్యం చేసుకునేవారు. కుర్రవాడు చదువులో మెరిక. గ్రీకు భాషలో జాతీయ స్థాయి పోటీలో మొదటి బహుమతి. పారిస్‌లో ఎకోల్ నార్మాల్ అనే సుప్రసిద్ధ విద్యాలయంలో సీటు. 1934లో సాహిత్యంలో అధ్యాపక పోటీ పరీక్షలో దేశానికే ప్రథముడు. మార్సెయ్‌లోను, తర్వాత పారిస్‌లోను ఉన్నత పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. యుద్ధంలో లెఫ్టినెంటుగా పనిచేశారు. కాని జర్మన్ల ఆక్రమణ కాలంలో రహస్య ప్రతిఘటన ఉద్యమంలో పాల్గొనలేదు. పాఠాలే చెప్పుకున్నారు. ఈ సంగతి తర్వాత చాలాకాలం ఆయనను వెంటాడింది. డిగాల్ చుట్టూ ఉన్నవారంతా ప్రాణాలకు తెగించిన వీరులు. వారి మధ్య ఈయన ఒక పంతులు.

1944లో పారిస్ విముక్తి నాటికి జనరల్ డిగాల్ తాత్కాలిక ప్రభుత్వానికి అధిపతి. రాయడం వచ్చిన, బాగా చదువుకున్న మనిషి ఒకడు కావాలని ఆయన అడిగారని, అక్కడ పనిచేస్తున్న పాత సహాధ్యాయి ఒకరు పాంపిడూ పేరు చెప్పారని అంటారు. అలా చిన్న ఉద్యోగంలో పేషీలో చేరారు. విద్యా వ్యవహారాల నోట్లు రాయడం పని. 1946 జనవరిలో డిగాల్ అలిగి గద్దె దిగిపోయారు. పాంపిడూకు పరిపాలనా వ్యవహారాల అత్యున్నత న్యాయస్థానంలో ఉద్యోగం దొరికింది. అంతటితో సంబంధం తెగిపోవలసింది. తెగలేదు. డిగాల్‌కు ఆన్ అనే కూతురు ఉండేది. పుట్టుకతోనే మానసిక వైకల్యం ఉన్న ఆ బిడ్డ పేరిట, అలాంటి ఆడపిల్లల కోసం డిగాల్ దంపతులు ఒక ఆశ్రమం పెట్టారు. దాని డబ్బు లెక్కలు పాంపిడూ చూశారు. 1948లో ఆ అమ్మాయి ఇరవై ఏళ్లకే కన్నుమూసింది. డిగాల్ ఎవరినీ దగ్గరకు రానివ్వని మనిషి. అటువంటి మనిషి ఇంటి బాధ తాలూకు పద్దులు రాసినవాడికి ఇచ్చే నమ్మకం వేరు. ఆ సంవత్సరమే పాంపిడూ ఆయన ఆంతరంగిక కార్యాలయానికి అధిపతి అయ్యారు.

1953 నాటికి డిగాల్ పార్టీ చితికిపోయింది. పదవి లేని నాయకుడి దగ్గర కార్యదర్శికి జీతం ఎక్కడిది? ఆ పార్టీ కోశాధికారి రోత్స్‌చైల్డ్ బ్యాంకులో పనిచేసేవారు. ఆయన ద్వారా 1954లో పాంపిడూ ఆ బ్యాంకులో చేరారు. వయసు 43. జమాఖర్చుల పుస్తకం ఏనాడూ పట్టని గ్రీకు పంతులు! బ్యాలెన్సు షీటు చదవడం అక్కడే నేర్చుకున్నారు. 1956కే డైరెక్టర్ జనరల్ అయ్యారు. గీ ద రోత్స్‌చైల్డ్ ఆ సంస్థకు యజమాని. ఆయన పాంపిడూలో మెచ్చింది డబ్బు గురించిన జ్ఞానం కాదు. చిక్కుబడిన వ్యవహారాన్ని రెండు పేజీల్లో తేల్చి, "ఇలా చేయవచ్చు" అని చివర ఒక వాక్యం రాయగల శక్తి. నోట్ ఫైలు రాసిన మనవాళ్లకు ఆ విద్య విలువ చెప్పనవసరం లేదు.

1958 జూన్‌లో అల్జీరియా సంక్షోభం డిగాల్‌ను మళ్లీ అధికారంలోకి తెచ్చింది. పాంపిడూ ఆరు నెలలు బ్యాంకుకు సెలవు పెట్టి ప్రధాని పేషీకి అధిపతి అయ్యారు. మన లెక్కలో ముఖ్యమంత్రి గారి ప్రిన్సిపల్ సెక్రటరీ అనుకోండి. కొత్త రాజ్యాంగం, ఫ్రాంకు విలువ తగ్గింపు, బడ్జెట్ కోత, అన్నీ ఆ ఆరు నెలల్లోనే జరిగాయి. 1959 జనవరి 8న డిగాల్ అధ్యక్షుడిగా ప్రమాణం చేసి ఊరేగింపుగా వెళ్తున్నప్పుడు, కారులో తన పక్కన పాంపిడూను కూర్చోబెట్టుకున్నారు. జనం "ఎవరీయన?" అనుకున్నారు. మర్నాటి నుంచి ఆయన మళ్లీ బ్యాంకుకు! మంత్రి పదవి కోసం చుట్టూ తిరిగే వాళ్లున్న చోట ఇది వింతే.

బ్యాంకులో ఉంటూనే రాజ్యాంగ మండలి సభ్యుడిగా ఉన్నారు. ఫ్రెంచి కవితల సంకలనం ఒకటి కూర్చి 1961లో ప్రచురించారు. అదే ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో స్విట్జర్లాండు వెళ్లి, అల్జీరియా విముక్తి పక్షం ప్రతినిధులతో లూసెర్న్‌లో, నెషాతెల్‌లో రహస్యంగా మాట్లాడి వచ్చారు. పైకి బ్యాంకు అధికారి వ్యాపార ప్రయాణం. 1962 మార్చిలో ఎవియాన్‌లో కుదిరిన ఒడంబడికకు దారి తీసినవి ఆ మాటలే. నెల తిరగకుండా, ఏప్రిల్ 14న ప్రధానమంత్రి.

మన దేశంలో మంత్రి అయినవాడు ఆరు నెలల్లోగా చట్టసభలో సభ్యుడు కావాలి. డిగాల్ రాజ్యాంగంలో అది తలకిందులు. మంత్రి అయితే సభలో సీటు వదులుకోవాలి. కనుక ఎన్నికకాని మనిషి ప్రధాని కావడం తప్పు కాదు. అయినా సభ్యులు మండిపడ్డారు. "రోత్స్‌చైల్డ్ మనిషి" అని కమ్యూనిస్టులు, "జనరల్ గారి గుమాస్తా" అనే భావంతో తక్కినవారు. ఈ రెండో మాట నాకు కొంచెం తగిలింది, ఎందుకో మీకు తెలుసు.

అయితే గుమాస్తాకు కూడా ఒక గీత ఉంటుంది. తిరుగుబాటు చేసిన సైనికాధికారి జనరల్ జూవోకు 1962లో మరణశిక్ష పడింది. డిగాల్ శిక్ష అమలు చేయాలని పట్టుబట్టారు. అది జరిగితే రాజీనామా చేస్తానని పాంపిడూ చెప్పారు. ప్రధాని అయి రెండు నెలలైనా నిండలేదు, పదవి ఇచ్చినవాడి మాటకే అడ్డు. చివరికి నవంబరులో శిక్ష తగ్గింది. ఈలోగా అక్టోబరు 5న సభ ఆయన ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం 280 ఓట్లతో నెగ్గించింది. ఆ రాజ్యాంగం కింద అలా ప్రభుత్వం పడడం అదే మొదలు. మళ్లీ 2024 డిసెంబరు దాకా, అంటే 62 ఏళ్లు, అలా జరగలేదు. డిగాల్ సభను రద్దుచేసి ఎన్నికలు పెట్టి గెలిచి, పాంపిడూనే మళ్లీ ప్రధానిని చేశారు.

ఉద్యోగుల పత్రిక కనుక ఉద్యోగుల సంగతి దాటవేయకూడదు. ఆయన మితవాది, సంప్రదాయవాది. ఆ విషయంలో సందేహం లేదు. 1963 మార్చిలో బొగ్గు గని కార్మికులు సమ్మెకు దిగితే, విధుల్లో చేరాలని నిర్బంధ ఉత్తర్వు జారీ అయింది. మన ఎస్మా వంటిదే. కార్మికులు దాన్ని చించి అవతల పారేసినట్టే చేశారు. ఐదు వారాల తర్వాత ప్రభుత్వమే దిగివచ్చి జీతాలు పెంచింది. ఆ కోపం జూలైలో తీరింది. ప్రభుత్వ సేవల్లో సమ్మె చేయాలంటే ఐదు రోజుల ముందు నోటీసు ఇవ్వాలనే చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని నేను మెచ్చుకోలేను. కాని ఉత్తర్వులతో పనులు జరగవు, కూర్చుని మాట్లాడాలి అని పాంపిడూ నేర్చుకున్నది ఆ గనుల సమ్మెలోనే అని నా అభిప్రాయం. ఐదేళ్ల తర్వాత అది అక్కరకు వచ్చింది.

1968 మే. విద్యార్థులు పారిస్ వీధుల్లో అడ్డుగోడలు కట్టిన రోజులు. పాంపిడూ ఆ నెల 2న ఇరాన్, అఫ్ఘానిస్తాన్ పర్యటనకు వెళ్లారు. 11న తిరిగి వచ్చేసరికి రాజధాని రాళ్ల గుట్టలతో నిండి ఉంది. దిగిన కొద్ది గంటల్లోనే, మూసివేసిన సొర్బాన్ విశ్వవిద్యాలయం తెరుస్తానని రేడియోలో ప్రకటించారు. అగ్గి చల్లారలేదు, ఫ్యాక్టరీలకు పాకింది. 70 లక్షల మందికి పైగా సమ్మెలోకి వెళ్లారు. పెట్రోలు లేదు, రైళ్లు లేవు, ఉత్తరాలు లేవు. మే 25న గ్రెనెల్ వీధిలోని సాంఘిక వ్యవహారాల మంత్రిత్వ శాఖలో యజమానులను, కార్మిక సంఘాలను ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, 27 తెల్లవారే దాకా ఆయనే అధ్యక్షత వహించారు. కనీస వేతనం గంటకు 2 ఫ్రాంకుల 22 సెంటీముల నుంచి 3 ఫ్రాంకులకు, అంటే 35 శాతం పెరిగింది. మిగతా జీతాలు రెండు విడతలుగా 10 శాతం. మన పే రివిజన్ కమిషన్ల నివేదికల కోసం ఏళ్ల తరబడి కాచుకున్న మనం, రెండు రాత్రుల్లో ఇంత తేలిందంటే నమ్మడం కష్టం. ఆ ఉదయమే బియాన్‌కూర్‌లోని రెనో కార్ల ఫ్యాక్టరీ కార్మికులు దీన్ని చాలదని తోసిపుచ్చారు, అది వేరే సంగతి.

మే 29న జరిగినది మాత్రం నేను పదేపదే చదివాను. ఆ ఉదయం డిగాల్ మంత్రిమండలి సమావేశం రద్దుచేసి, ఊరికి వెళ్తున్నానని చెప్పి, హెలికాప్టరులో మాయమయ్యారు. దేశాధ్యక్షుడు ఎక్కడున్నారో ప్రధానమంత్రికి తెలియదు! కొన్ని గంటల తర్వాత తెలిసింది, ఆయన జర్మనీలో బేడన్-బేడన్‌లో ఫ్రెంచి సేనాధిపతి మాస్యూ దగ్గరకు వెళ్లారని. ఇరవై ఏళ్లకు పైగా వెంట నడిచిన మనిషికి ఒక ముక్క చెప్పలేదు. అది పాంపిడూను ఎంత గాయపరిచిందో ఆయనే తర్వాత రాసుకున్నారు.

నాకూ ఒక చిన్న అనుభవం ఉంది. ఒక అధికారి దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆయన సంతకం తప్ప మిగతాదంతా నా చేతిరాతే. నన్ను ఆ సెక్షను నుంచి మార్చిన ఉత్తర్వు సంగతి నాకు డిస్పాచ్ గుమాస్తా చెప్పాడు. ఆయన లోపలే కూర్చుని ఉన్నారు. తలుపు తోసి అడగవచ్చు, కాని కాళ్లు రాలేదు. చార్జి అప్పగించి వెళ్లిపోయాను. రోషం తగ్గడానికి చాలా ఏళ్లు పట్టింది.

మర్నాడు డిగాల్ తిరిగి వచ్చారు. ప్రజాభిప్రాయ సేకరణ పెడతానన్నారు. వద్దు, సభను రద్దుచేసి ఎన్నికలు పెట్టండి, లేకపోతే నేను ఉండను అని పాంపిడూ పట్టుబట్టారు. డిగాల్ ఆ వాక్యాన్ని తన ప్రసంగంలో చేర్చి రేడియోలో చదివారు. జూన్ ఎన్నికల్లో వారి పార్టీకి సంపూర్ణ ఆధిక్యత వచ్చింది. ఆ గెలుపు ఎవరిదో అందరికీ తెలుసు. జనరల్ గారికీ తెలుసు. జూలై 10న ప్రధాని మారారు. తొలుత పాంపిడూయే అలసిపోయాను, విశ్రాంతి కావాలని అన్నారు. రెండు రోజుల తర్వాత మనసు మార్చుకుని ఉంటానని కబురు పెట్టేసరికి, ఆ చోటు కూవ్ ద మూర్విల్‌కు ఇచ్చేశామని జవాబు వచ్చింది. ఆరేళ్ల మూడు నెలల ప్రధానిత్వం. 1958 నాటి ఆ రాజ్యాంగం కింద అంతకాలం ఏకధాటిగా ప్రధానిగా ఉన్నవారు మరొకరు లేరు. దేశం మీకు ఏనాడైనా అప్పగించగల బాధ్యతకు సిద్ధంగా ఉండండి అనే అర్థం వచ్చేలా డిగాల్ వీడ్కోలు లేఖ రాశారు. అది దీవెనో మందలింపో ఎవరికి వారు చదువుకోవచ్చు.

ఆ శరదృతువులో ఇంకా నీచమైనది జరిగింది. ఒక హత్య కేసును అడ్డం పెట్టుకుని, పాంపిడూ భార్య క్లోద్ గారి మీద కల్పిత ఫోటోలతో అపవాదు పుట్టించారు. పారిస్ అంతా గుసగుసలాడింది. పాంపిడూకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అధ్యక్షుడికీ, ప్రధానికీ, న్యాయమంత్రికీ తెలుసు. ఒక్కరూ పిలిచి చెప్పలేదు. ఆయన దాన్ని చచ్చేదాకా క్షమించలేదు. క్షమించవలసిన పని లేదు కూడా.

1969 జనవరిలో రోమ్‌లో విలేకరులతో, డిగాల్ విరమించుకుంటే తాను అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని అన్నారు. గుమాస్తా మొదటిసారి తన పేరు మీద నోట్ పెట్టాడు. పదవీకాలం పూర్తి చేస్తానని డిగాల్ అయిదు రోజుల్లో ప్రకటన ఇచ్చారు. కాని ఏప్రిల్ 27 ప్రజాభిప్రాయ సేకరణలో ఓడి, మర్నాడే దిగిపోయారు. వారసుడు సిద్ధంగా ఉన్నాడన్న ధైర్యం వల్లే జనం కాదన్నారని డిగాల్ వీరాభిమానులు పాంపిడూను తప్పుపట్టారు. అందులో కొంత నిజం లేకపోలేదు. జూన్ 15న పాంపిడూ 58 శాతం ఓట్లతో అధ్యక్షుడయ్యారు. 1970 నవంబరు 9న డిగాల్ మరణించే వరకు ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు. ఫ్రాన్సు విధవరాలైందని దేశానికి ప్రకటించినది పాంపిడూయే.

అధ్యక్షుడిగా చేసిన పనులు చాలా ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. డిగాల్ పరువు తక్కువని నిరాకరించిన ఫ్రాంకు విలువ తగ్గింపును రెండు నెలలు తిరగకుండా 1969 ఆగస్టులో చేసేశారు. అది బ్యాంకరు లెక్క. డిగాల్ రెండుసార్లు తలుపు మూసిన బ్రిటన్‌ను ఐరోపా ఉమ్మడి విపణిలోకి రానిచ్చారు. 1970లో కనీస వేతనాన్ని ధరలకే కాక ఆర్థికాభివృద్ధికి కూడా ముడిపెట్టారు. అంటే డి.ఎ.తో పాటు దేశపు సంపదలో వాటా కూడా. ఈ మితవాది కంటే అభ్యుదయవాదులమని చెప్పుకునే మన పాలకులు ఎందరు అంత చేశారు? 1971 నవంబరులో బంగ్లాదేశ్ సంక్షోభ సమయాన ఇందిరాగాంధీ పారిస్ వెళ్లినప్పుడు ఆమెకు ఆతిథ్యమిచ్చినదీ ఆయనే. 1973 జనవరి నాటి ఫ్రాన్సు కేంద్ర బ్యాంకు చట్టాన్ని "రోత్స్‌చైల్డ్ చట్టం" అని ఈనాటికీ తిట్టేవారున్నారు, ప్రభుత్వాన్ని ప్రైవేటు బ్యాంకుల పాలు చేసిందని. ఆ ఆరోపణ నిలవదు. ఆ తర్వాత కూడా కేంద్ర బ్యాంకు నుంచి ఖజానాకు అడ్వాన్సులు కొనసాగాయి. అవి పూర్తిగా ఆగింది 1993లో, ఐరోపా ఒప్పందం వల్ల.

ఒక్కటి మాత్రం ఆయన ఖాతాలో ఖర్చు కింద రాయవలసిందే. 1972 మేలో ఆయన ప్రధాని షాబాన్-దెల్మా సభలో భారీ మెజారిటీతో విశ్వాసం పొందారు. జూలైలో పాంపిడూ ఆయనను తీసేశారు. తనకు జరిగినదే తాను చేశారు, నాలుగేళ్లయినా తిరక్కుండానే. కుర్చీలో ఏముందో కాని, కూర్చున్నవాడికి ఎదురుగా నిలబడినప్పటి సంగతి గుర్తుండదు.

అప్పటికే ఆయనకు రక్తానికి సంబంధించిన అరుదైన వ్యాధి ముదురుతోంది. 1973 మే చివర ఐస్‌లాండ్‌లో నిక్సన్‌ను కలిసినప్పుడు ఉబ్బిన ముఖాన్ని ప్రపంచమంతా చూసింది. అధికారిక ప్రకటనలు ఫ్లూ అన్నాయి. ఆ సెప్టెంబరులో చైనా వెళ్లి మావోను కలిశారు. 1974 మార్చిలో సోవియట్ దేశం వెళ్లి బ్రెజ్నేవ్‌ను కలిశారు. అధ్యక్షుడి పదవీకాలం ఏడేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించాలని 1973లో ఆయనే ప్రతిపాదించారు. ఉభయ సభలూ ఒప్పుకున్నా చివరి మెట్టుకు కావలసిన బలం చాలదని ఆగిపోయింది. అది 2000 సంవత్సరంలో కాని అమలు కాలేదు. అయి ఉంటే ఆయన 1974లో గౌరవంగా ఇంటికి వెళ్లగలిగేవారు. మార్చి 27న మంత్రిమండలి సమావేశానికి అధ్యక్షత వహించారు. ఏప్రిల్ 2 రాత్రి పారిస్‌లో, సెన్ నది దీవిలోని తన సొంత ఇంట్లో కన్నుమూశారు. వయసు 62.

1977లో తెరిచిన పారిస్ కళాకేంద్రానికి ఆయన పేరు పెట్టారు. గొట్టాలన్నీ బయటికి కనిపించే రంగురంగుల కట్టడం అది. ఆధునిక చిత్రకళ ఆయనకు ఇష్టం. కాని తన సమాధి గురించి 1972లోనే కాగితం రాసిపెట్టుకున్నారు. లాంఛనాలు వద్దు, పూలదండలు వద్దు, స్మారకం వద్దు, మామూలు రాతిపలక చాలు అని. ఆ ప్రకారమే ఏప్రిల్ 4న పారిస్ పడమట ఓర్విలియే అనే పల్లె శ్మశానంలో ఖననం చేశారు.